మహమ్మారి వేళ నమ్మదగిన మాట

వ్యాధి ఒక ఊరికి చేరక పూర్వమే దాని వార్త ఆ ఊరికి చేరుతుంది. పొరుగూరిలో ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకొన్నవని తెలిసిన నాడే ఈ ఊరి బావి దగ్గర ఆ మాట మొదలవుతుంది. తరువాత వ్యాధి రావచ్చును, రాకపోవచ్చును. మాట మాత్రం వచ్చి తీరుతుంది. వచ్చిన మాట నిజమైతే ప్రాణాలు దక్కుతవి. అబద్ధమైతే, వ్యాధి చేయని చెరుపు కూడా అది చేస్తుంది. కాబట్టి అంటువ్యాధుల చరిత్ర అనగానే సూక్ష్మజీవుల చరిత్ర, మందుల చరిత్ర అని మాత్రమే అనుకోరాదు. ఆపత్కాలంలో జనం ఎవరి మాట నమ్మినారు, ఎందుకు నమ్మినారు, ఎవరిని నమ్మలేకపోయినారు అన్నది కూడా అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం.

సూర్యాపేట పట్టణాన్ని ఆనుకొని చివ్వెంల మండలం ఉన్నది. హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారి ఈ మండలం మీదుగా పోతుంది. ఆ దారి ప్రక్కనే దురాజ్‌పల్లి గుట్ట. దానినే పెద్దగట్టు అంటారు. రెండేండ్లకు ఒకసారి ఇక్కడ లింగమంతుల స్వామి జాతర ఐదు రోజులు జరుగుతుంది. గంపలు నెత్తిన పెట్టుకొని, డప్పులు, గజ్జెల చప్పుళ్ళతో లక్షల జనం వస్తారు. రహదారి, సంత, జాతర, ఈ మూడూ మనుషులను కలిపేవే. మనుషులు కలిసిన చోట సరుకుతో పాటు మాట, మాటతో పాటు ఒక్కొక్కప్పుడు వ్యాధి కూడా ఒకరి నుండి ఒకరికి చేరుతుంది. కాబట్టి మన ప్రశ్నను ఇట్టి చోట నిలబడి వేసుకోవడం సబబు. మహమ్మారి వచ్చినప్పుడు చివ్వెంల వంటి ఊరిలోని గృహస్థు సరియైన మాట కోసం ఎవరి గడప త్రొక్కవలెను? విన్న మాట సరియైనదని ఎట్లా గుర్తించవలెను?

ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. రెండు వందల ఏండ్లుగా మన దేశం దీనికి రకరకాలుగా జవాబు చెప్పుకొంటూ వచ్చింది. ఆ జవాబులలో కొన్ని ఫలించినవి, కొన్ని బెడిసికొట్టినవి. వాటిని వరుసగా పరిశీలిద్దాం.

వేపమండ, దండోరా

రోగకారణమైన జీవులు కంటికి కనిపించని కాలంలో కూడా జనం తమకు తోచిన ఏర్పాట్లు చేసుకొన్నారు. మశూచికాన్ని "అమ్మవారు" అన్నారు. రోగి ఉన్న ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టినారు. భక్తితో చేసిన పనే అయినా దానిలో ఒక సమాచారం ఉన్నది. గుమ్మానికి వేపమండ చూచినవాడు ఆ ఇంటిలో వ్యాధి ఉన్నదని గ్రహిస్తాడు, లోపలికి పోడు. చదువు రానివారికి కూడా అర్థమయ్యే ప్రకటన అది. సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాలకు 1813 నాటి మహమ్మారితో సంబంధం ఉన్నదని ఐతిహ్యం. ఏ గ్రంథంలోనూ చదవనివారు సైతం, ఒకప్పుడు ఇక్కడ పెద్దరోగం వచ్చిందన్న సంగతిని ఆ పండుగ వలన తరతరాలుగా గుర్తు పెట్టుకొన్నారు.

సర్కారు మాట ఊరికి చేరడానికి దండోరా ఉండేది. డప్పు మ్రోగగానే జనం గుమిగూడేవారు. చెప్పవలసినది చెప్పి చాటింపువాడు ముందుకు సాగిపోయేవాడు. ఈ పద్ధతిలో వేగం ఉన్నది. కాని ఒక పెద్ద లోపం కూడా ఉన్నది. దండోరా చెబుతుంది గాని, అడిగితే జవాబు చెప్పదు. "బావి నీళ్ళు త్రాగవద్దంటున్నారు, ఎందుకు? మరి ఏ నీళ్ళు త్రాగాలి?" అని అడిగితే ఆ చాటింపువానికి తెలియదు. జవాబు దొరకని ప్రశ్న ఊరికే ఉండదు. దాని చుట్టూ ఊహలు అల్లుకొంటవి. పుకారుకు పుట్టినిల్లు ఇదే.

మంచి మందుకు దొంగ సాక్ష్యం

ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు 1796లో గోమశూచి రసితో మశూచికాన్ని నివారించవచ్చునని కనుగొని, 1798లో ఆ సంగతి ప్రకటించినాడు. 1802లో ఆ టీకా బొంబాయికి చేరినది. ఆ రోజులలో టీకామందును సీసాలలో నిలవ చేసే ఉపాయం లేదు. ఒక బిడ్డ చేతిపై లేచిన పొక్కు నుండి రసి తీసి మరొక బిడ్డ చేతికి అంటించుతూ ఊరి నుండి ఊరికి తీసుకొని పోయినారు. జనానికి సందేహాలు కలిగినవంటే ఆశ్చర్యం లేదు. ఎవరి బిడ్డ చేతి రసియో తమ బిడ్డ ఒంటిలోకి పోతున్నది. వేసేవాడు పరదేశపు సర్కారు మనిషి. వ్యాధి లేని బిడ్డకు జ్వరం తెప్పించి, ఇది మేలు కోసమే అంటున్నాడు. ఈ సందేహాలకు ఓపికగా జవాబు చెప్పవలసి ఉండెను.

చెన్నపట్నంలో దీనికి ఒక అడ్డదారి దొరికినది. అక్కడి కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మన భాషాచరిత్రలో గొప్ప పేరు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుండి పుట్టినవి కావనీ, అవన్నీ ఒక వేరు కుటుంబమనీ 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో నిరూపించినవాడు ఆయనే. అట్టి పండితుడు టీకాను పెద్దలచే ఒప్పించడానికి సంస్కృతంలో ఒక చిన్న పద్యరచన తానే చేసి, పాత కాగితం మీద వ్రాయించి, అది ప్రాచీన గ్రంథమని తోచేటట్లు చేసినాడని పందొమ్మిదవ శతాబ్దపు రచనలలో ఉన్నది. గోవు మనకు పూజ్యం గనుక, గోవు నుండి వచ్చిన మందు శాస్త్రసమ్మతమేనని జనం అనుకొంటారని ఆ ఉపాయం. 1819లో మద్రాసు పత్రిక ఒకదానిలో, ధన్వంతరి పేర ఉన్న ఒక గ్రంథంలో టీకా విధానం చెప్పబడి ఉన్నదని ఒక లేఖ కూడా వెలువడినది.

ఉద్దేశం మంచిదే. మందు మంచిదే. సాక్ష్యం మాత్రం దొంగది. దాని ఫలితం ఏమి? ఆ మాట యూరపులోని వైద్యగ్రంథాలకు ఎక్కినది; అక్కడి నుండి తిరిగి మన దేశానికి వచ్చినది. జెన్నరుకు పూర్వమే మన శాస్త్రాలలో గోమశూచి టీకా ఉన్నదని నూరేండ్లకు పైగా పలువురు నమ్మినారు, వ్రాసినారు. 1987లో డొమినిక్ వుయస్తిక్ అను పరిశోధకుడు ఈ సాక్ష్యాలను మూలం దాకా శోధించి, ఇది సదుద్దేశంతో చేసిన కల్పన అని వివరించినాడు. నిజానికి మేలు చేయాలని చెప్పిన అబద్ధం కూడా, చెప్పినవాడు గతించిన తరువాత తన దారిన తాను పోతూనే ఉంటుంది. టీకాకు నిజమైన సాక్ష్యం తాళపత్రాలలో లేదు. టీకా వేసుకొన్నవారికీ వేసుకోనివారికీ మధ్య కనిపించిన తేడాలో ఉన్నది. ఆ లెక్కను జనం ముందు పెట్టి ఉంటే దొంగ గ్రంథంతో పని ఉండేది కాదు.

బలవంతం, రహస్యం

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినది. మరుసటి సంవత్సరమే అంటువ్యాధుల చట్టం వచ్చినది. 2020లో కూడా రాష్ట్రాలు ఆధారం చేసుకొన్నది ఆ 1897 నాటి చట్టాన్నే. పుణెలో సైనికులు ఇండ్లలో చొరబడి సోదాలు చేసినారు. రోగులను ఆసుపత్రులకు, ఇంటివారిని శిబిరాలకు తరలించినారు. ప్రజాగ్రహం పెల్లుబికి, ప్లేగు అధికారి రాండు 1897 జూన్‌లో కాల్పులకు గురియై మరణించినాడు. ఆసుపత్రికి పోయినవారిని చంపి, వారి దేహాల నుండి తైలం తీస్తారని పుకారు పుట్టినది కూడా ఆ రోజులలోనే. ఈ పుకారు వినగానే మనకు నవ్వు వస్తుంది. కాని లోపలికి పోయిన మనిషి ఏమైనాడో బయట ఉన్న తల్లికి చెప్పేవాడు లేడు. చూడనిచ్చేవాడు లేడు. తలుపు మూసినప్పుడు జనం తలుపు వెనుక ఉన్నదానిని ఊహించుకొంటారు.

ఇదే కాలంలో వాల్డెమార్ హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు బొంబాయిలో ప్లేగు టీకామందు తయారుచేసి, 1897 జనవరిలో మొట్టమొదట తన ఒంటికే వేసుకొన్నాడు. 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ అను గ్రామంలో ఈ టీకా వేయించుకొన్నవారిలో 19 మంది ధనుర్వాతంతో మరణించినారు. అందరికీ వేసినది ఒకే సీసా మందు. నింద హాఫ్‌కిన్ మీద పడినది. ఆయనను పని నుండి తొలగించినారు. తరువాత తేలినది వేరు. ఆ ఊరిలో సీసా బిరడా తీసే పట్టుకారు నేలపై పడినది, దానిని సరిగా శుద్ధి చేయకుండానే వాడినారు. ఈ సంగతి విచారణ కాగితాలలో ఉండగానే ఏండ్లు గడిచినవి. చివరకు 1907లో హాఫ్‌కిన్ నిర్దోషి అని పత్రికాముఖంగా వాదించినవారిలో ప్రముఖుడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచిన రాస్ ఈయనే. చెడుగాలి వలన చలిజ్వరం వస్తుందన్న వేల ఏండ్ల నమ్మకాన్ని మన గడ్డ మీద నిలబడి మార్చినవాడు, ఒక టీకా విషయంలో దాచిన నిజాన్ని వెలికి తీయడానికి కూడా పూనుకొన్నాడు. టీకా వలన ఒక చోట కీడు జరిగితే ఆ సంగతి దాచరాదు. ఎందుకు జరిగినదో వెంటనే చెప్పవలెను. అయిదేండ్లు ఆలస్యంగా చెప్పిన నిజం, ఆ అయిదేండ్లలో టీకాకు భయపడి ప్లేగువాత పడినవారికి అక్కరకు రాదు గదా!

ప్లేగు 1911లో హైదరాబాదు నగరానికి వచ్చినది. రోగులను వేరుగా ఉంచడానికి 1915లో నెలకొల్పిన ఆసుపత్రి తరువాత నల్లకుంటకు మారినది. నేడు దానికి రాస్ పేరే ఉన్నది. కాని జనం దానిని చిరకాలం కోరంటి దవాఖాన అన్నారు. క్వారంటీన్ అను మాటే మన నోట కోరంటి అయినది. ఓడలలో వచ్చినవారిని నలభై రోజులు రేవులో నిలిపే వెనీసు నగరపు ఆచారం నుండి పుట్టిన ఆ మాట, మూసీ తీరంలో ఇంటిమాట అయి కూర్చున్నది. మాట వచ్చినంత తేలికగా దాని అర్థం రాలేదు. కోరంటికి పోవడమంటే తిరిగి రాకపోవడమే అన్న భయం ఆ పేరుతో పాటే నిలిచినది.

ఈ కాలంలో సూర్యాపేట ప్రాంతం నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా క్రింద ఉండేది. సర్కారు భాష ఉర్దూ, జనం భాష తెలుగు. వైద్యశాఖ ఉత్తరువు ఎంత మంచిదైనా, తహసీలు కచ్చేరీ గోడ మీది కాగితం రైతుకు చదువ రాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను, ప్రకృతిశాస్త్రాలను తెలుగులో అచ్చువేయడం ఆరంభించినారు. నల్లగొండ నుండి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు "నీలగిరి" వారపత్రికను వెలువరించినది 1922లో. అంతకు నాలుగేండ్ల ముందే, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి మించి ప్రాణాలు తీసి వెళ్ళిపోయినది. వ్యాధి వచ్చిన నాటికి జిల్లాకు తన భాషలో ఒక పత్రిక లేదు. పత్రిక వచ్చిన నాటికి వ్యాధి లేదు. తెలుగులో విజ్ఞానం చెప్పడమన్నది ప్రాణావసరం కూడా అని ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెడితే బోధపడుతుంది.

పుకారు పట్టీ

ఈ దారి మార్చినది మశూచి నిర్మూలన ఉద్యమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో దీనిని తీవ్రతరం చేసినది. మన దేశంలో 1970 తరువాతి సంవత్సరాలలో కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగినారు. చేతిలో మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న అట్ట ఉండేది. "ఇట్టి పొక్కులు ఎక్కడైనా చూచినారా?" అని అడిగేవారు. ఇంటింటా, సంతలలో, బడులలో అడిగినారు. కొత్త రోగిని చూపినవారికి బహుమానం ఇస్తామన్నారు. రోగులు తగ్గినకొద్దీ బహుమానం పెరిగి, చివరకు 1000 రూపాయలు అయినది.

ఈ ఉద్యమంలో పుకార్లకు ఒక ప్రత్యేకమైన పట్టీ ఉండేది. ఫలానా ఊరిలో ఎవరికో అమ్మవారు పోసినదట అని ఎవరు చెప్పినా, చెప్పినవాడు బడిపిల్లవాడైనా, బిచ్చగాడైనా, ఆ మాటను పట్టీలో వ్రాసుకొనేవారు. తరువాత ఒక మనిషి ఆ ఊరికి పోయి, కంటితో చూచి, అది మశూచియో, ఆటలమ్మయో, గజ్జియో తేల్చి, ఫలితాన్ని ఆ మాట ఎదుటనే వ్రాసేవాడు. చాలా మాటలు వట్టివే అయినవి. అయినా వినడం మానలేదు. ఆ వందలాది వట్టి మాటలలో ఒక నిజమైన మాట దాగి ఉంటుందని వారికి తెలుసు. 1975 మే నెలలో మన దేశంలో చివరి రోగి కనిపించినది. 1980 మే 8వ తేదీన ప్రపంచానికే మశూచి పీడ వదిలినదని ప్రకటించినారు.

ప్లేగునాటి అధికారి పుకారును నేరంగా చూచినాడు. మశూచినాటి కార్యకర్త దానిని సమాచారంగా చూచినాడు. పుకారు అంటే ఒక ఊరు వేస్తున్న ప్రశ్న అని గ్రహించడమే ఈ పట్టీ రహస్యం. అడిగినవానిని గద్దిస్తే ప్రశ్న ఆగదు, చాటుకు పోతుంది. పోయి చూచి చెబితే, మరుసటిసారి అతడు మన దగ్గరకే వస్తాడు.

కొవిడ్ కాలపు పాఠం

2020లో కొవిడ్ వచ్చే నాటికి మాటలకు కొరత లేదు. చేతిలోని ఫోనులో గంటకు నూరు మాటలు వచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సమాచారపు మహమ్మారి అన్నది. పూర్వం వార్త అందక జనం నష్టపోయినారు. ఇప్పుడు ఏది ఏరుకోవాలో తెలియక నష్టపోయినారు.

తెలంగాణలో మొదటి రోగి బయటపడకముందే కోడిమాంసం వలన ఈ వ్యాధి వస్తుందని పుకారు పుట్టి, కోళ్ళ ధర పడిపోయినది. 2020 ఫిబ్రవరి చివర హైదరాబాదులో మంత్రులు వేదికపై కోడిమాంసం తిని చూపించినారు. కోళ్ళ పరిశ్రమవారి కష్టాన్ని చూచి చేసిన పని అది. చెప్పిన మాటా నిజమే. కాని ఒకరు తిని చూపడం సాక్ష్యం కాదు. ఈ వ్యాధి మనిషి శ్వాస నుండి మనిషికి వస్తుంది, బాగా ఉడికిన మాంసంలో వైరస్ బ్రతకదు అన్న కారణమే సాక్ష్యం. కారణం తెలిసినవాడు రేపు మరొక పుకారు వచ్చినా తానే తేల్చుకొంటాడు. దృశ్యం మాత్రమే చూచినవాడు మరొక దృశ్యం కోసం చూస్తాడు.

ఏప్రిల్ నెలలో సూర్యాపేట రాష్ట్రమంతటి నోట నానినది. పట్టణపు బజారు నుండి వ్యాధి ప్రాకి, ఆ నెల మూడవ వారానికి జిల్లాలో రోగుల సంఖ్య 80 దాటినది. 22వ తేదీన రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, పోలీసు డైరెక్టరు జనరలు స్వయంగా వచ్చి పరిశీలించినారు. ఆ రోజులలోనే, ఒక స్త్రీ ఇరుగుపొరుగువారితో కలసి ఆడిన అష్టాచెమ్మా ఆట వలన పలువురికి వ్యాధి సోకినదని పత్రికలు వ్రాసినవి. ఆ వార్తలో పనికివచ్చే విజ్ఞానం ఉన్నది: ఒకే చోట దగ్గరగా కూర్చొని, చాలాసేపు మాట్లాడుకొంటే వ్యాధి సోకుతుంది. కాని దేశమంతా ప్రాకినది ఆ విజ్ఞానం కాదు, "ఒక ఆడమనిషి ఇంతమందికి అంటించినది" అన్న మాట. ఢిల్లీలోని మతసమావేశానికి పోయి వచ్చినవారి విషయంలోనూ ఇదే జరిగినది; వ్యాధి సోకే విధానం మరుగున పడి, సోకినవారి మతం ముందుకు వచ్చినది. నింద పడుతుందన్న భయం ఉన్న చోట జ్వరం వచ్చినవాడు చెప్పడు. చెప్పకపోతే చుట్టుప్రక్కలవారికి తెలియదు. మనిషిని చూపే వార్త వలన వ్యాధి దాగుతుంది. దారిని చూపే వార్త వలన అది బయటపడుతుంది.

అంకెల సంగతి కూడా చెప్పుకోవలెను. ప్రతి సాయంకాలం ప్రభుత్వ బులెటిన్ కోసం జనం ఎదురు చూచినారు. అందులో వివరాలు చాలడం లేదని 2020లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం పలుమార్లు ఆక్షేపించి, ఆసుపత్రులలో పడకల ఖాళీలతో సహా స్పష్టంగా ప్రకటించవలెనని ఆదేశించినది. ఊపిరాడని తండ్రిని వాహనంలో పెట్టుకొని సూర్యాపేట నుండి హైదరాబాదుకు బయలుదేరిన కుటుంబానికి, ఏ ఆసుపత్రిలో పడక ఉన్నది అన్న ఒక్క మాట మందు వంటిదే.

శాస్త్రజ్ఞుల మాట కూడా ఈ కాలంలో మారుతూ వచ్చినది. మొదట ఆరోగ్యవంతులకు ముఖానికి మాస్కు అక్కరలేదన్నారు. 2020 ఏప్రిల్‌లో మన కేంద్ర ప్రభుత్వం ఇంటిలో కుట్టిన మాస్కులు కట్టుకొమ్మన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్‌లో ఆ దారికి వచ్చినది. రోగులకు మేలు చేయవచ్చునని పలువురు ఆశపడిన హైడ్రాక్సీ క్లోరోక్విన్ వలన ఆసుపత్రిలోని రోగులకు ఉపయోగం లేదని బ్రిటనులో జరిగిన పెద్ద పరీక్షలో 2020 జూన్‌లో తేలినది. కోలుకొన్నవారి ప్లాస్మా ఎక్కిస్తే మేలు కలుగుతుందన్న ఆశపై మన దేశంలోనే 39 ఆసుపత్రులలో 464 మంది రోగులతో పరీక్ష జరిపినారు. మరణాలు తగ్గలేదు. అయినా 2021 మే వరకు అది చికిత్సా విధానంలో కొనసాగినది. ఈ మార్పులు చూచి, "వారికే తెలియదు, మనకేమి చెబుతారు?" అన్నవారున్నారు. ఇక్కడ ఒక భేదం గమనించవలెను. పుకారు ఎన్నడూ తన తప్పు ఒప్పుకోదు. ఒకటి అబద్ధమని తేలితే మరొక రూపంలో వస్తుంది. శాస్త్రం తన తప్పును తానే వెదికి, తానే ప్రకటిస్తుంది. కాని మారినప్పుడు ఎందుకు మారినదో చెప్పడం శాస్త్రజ్ఞుల బాధ్యత. నిన్న ఇంతవరకే తెలిసినది, నేడు ఈ పరీక్ష వలన ఇది తెలిసినది అని చెబితే గ్రామస్థు చక్కగా అర్థం చేసుకొంటాడు. విత్తనం విషయంలోనూ, ఎరువు విషయంలోనూ అతడు చేసే పని అదే.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేలాది జనం కిక్కిరిసినారు. ప్రాణవాయువుకు, పడకలకు కరువు ఏర్పడిన రోజులవి. దిక్కుతోచనివారు దొరికిన ఆసరాను పట్టుకొన్నారు. వారిని వెక్కిరించడం న్యాయం కాదు. కంటిలో చుక్కలు పడగానే లేచి కూర్చున్నానని ఒక రోగి చెప్పిన దృశ్యం ఫోనుల ద్వారా ఊరూరా పోయినది. కొద్ది రోజులకే ఆ రోగి మరణించినాడు. ఆ వార్త మాత్రం మొదటిదానంత దూరం పోలేదు. ప్రభుత్వం పంపిణీ నిలిపి, మూలికలను పరిశీలింపజేసి, కంటి చుక్కలు తప్ప కొన్నిటిని అనుమతించినది. హాని లేదని చెప్పడం వేరు, వ్యాధిని నయం చేస్తుందని చెప్పడం వేరు. కొవిడ్ సోకినవారిలో చాలామంది ఏ మందు వేసుకొన్నా, వేసుకోకున్నా కోలుకొంటారు. కాబట్టి మందు తిని కోలుకొన్న పదిమందిని చూపినంత మాత్రాన ఆ మందు గుణం తెలియదు. మందు ఇచ్చినవారిని, ఇవ్వనివారిని సమానంగా ఎంచి, రెండు గుంపులను లెక్కపెట్టి పోల్చినప్పుడే తెలుస్తుంది. మూలికా వైద్యానికైనా, ఆధునిక వైద్యానికైనా కొలత ఇదొక్కటే.

ఆ కొలతను మన హైదరాబాదు టీకాకూ వర్తింపజేయవలెను. భారత్ బయోటెక్ వారి కొవాక్సిన్‌కు మూడవ దశ పరీక్షల ఫలితం రాకముందే 2021 జనవరి 3వ తేదీన అనుమతి లభించినది. వైద్యులలోనే కొందరు జంకినారు. జూలైలో 77.8 శాతం రక్షణ ఉన్నదని సంస్థ ఫలితం ప్రకటించినది. టీకా మంచిదే అయినది. కాని లెక్క చూపకముందు నమ్మమనడం వలన, మంచి టీకాకు కూడా కొన్ని నెలలు అనవసరమైన అనుమానం అంటుకొన్నది. ఎల్లిస్ కాలపు పాఠం మరొకసారి చదువవలసి వచ్చినది.

గడప దగ్గరి మనిషి

2021లో పెద్దగట్టు జాతర ఫిబ్రవరి 28న మొదలైనది. మార్చి 1వ తేదీన అరవై ఏండ్లు దాటినవారికి దేశమంతటా టీకాలు మొదలైనవి. జాతర గుట్ట మీద ఒక ప్రక్క జనసమ్మర్దం, మరొక ప్రక్క ఆరోగ్య కేంద్రంలో కొత్త టీకా. రెండవ ఉప్పెన వచ్చే ముందు రోజులవి. ఆ వారంలో చివ్వెంల మండలంలోని ఒక ముదుసలి, టీకా వేసుకోవాలా వద్దా అని ఎవరిని అడుగుతాడు? ఢిల్లీ ప్రకటనను అడగలేడు. ఫోనులోని దృశ్యాన్ని అడగలేడు. తన వీధిలో ఉండే ఆశా కార్యకర్తను అడగగలడు. ఇటువంటి కార్యకర్తలను సుమారు వేయి జనాభాకు ఒకరు చొప్పున నియమించే పథకం 2005లో వచ్చినది. ఆమె అదే ఊరి కోడలు. బిడ్డ పుట్టినప్పుడు ఆసుపత్రికి తోడు వచ్చినది, పోలియో చుక్కలు వేయించినది. ఆమె చెప్పినది తప్పయితే రేపు అదే బావి దగ్గర ఎదురుపడి అడగవచ్చును. 2021 మేలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగినప్పుడు తలుపు తట్టి, జ్వరం ఉన్నదా అని అడిగి, మందుల సంచి చేతికిచ్చినవారు ఇటువంటివారే. మశూచినాటి బొమ్మ అట్ట పట్టుకొని తిరిగిన కార్యకర్తకు వీరు వారసులు.

అయితే తెలిసిన మనిషి చెప్పినంత మాత్రాన ప్రతి మాటా నిజం కాదు. పుకారు కూడా తెలిసినవారి నోటనే వస్తుంది. గడప దగ్గరి మనిషి వెనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని వెనుక 2019లో ఏర్పడిన సూర్యాపేట వైద్య కళాశాల, దాని వెనుక ప్రయోగశాలల లెక్కలు గొలుసుగా ఉన్నప్పుడే ఆమె మాటకు బలం. గొలుసులో పై కొన లేకుంటే పరిచయం మాత్రమే మిగులుతుంది. క్రింది కొన లేకుంటే విజ్ఞానం కచ్చేరీ గోడ మీదనే ఉండిపోతుంది.

రెండు వందల ఏండ్ల అనుభవం నుండి సామాన్య పాఠకుడు చేత పట్టుకోదగిన ప్రశ్నలు నాలుగు ఉన్నవి. మహమ్మారి వేళ ఏ మాట విన్నా ఇవి వేసి చూడవచ్చును. ఈ మాట చెప్పినవారిని తిరిగి అడగడానికి వీలున్నదా? చెప్పినదానికి కారణం చెప్పినారా, లేక ఆజ్ఞ మాత్రమే ఇచ్చినారా? మేలు కలిగినదన్నప్పుడు, కలగనివారి లెక్క కూడా చెప్పినారా? మాట మారినప్పుడు, మారినదని బాహాటంగా ఒప్పుకొన్నారా? ఈ నాలుగింటికి అవునని జవాబు వచ్చిన మాటను, అది ఇష్టమైనా కాకపోయినా, నమ్మి నడవవచ్చును. ఒక్కదానికీ జవాబు లేని మాట ఎంత తియ్యనిదైనా, ఎంత పెద్దవారు చెప్పినా, మరొకరికి పంపే ముందు ఆగడం మంచిది.

ఈ ప్రశ్నలు జనానికి ఎంత అవసరమో ప్రభుత్వానికి, వైద్యులకు, శాస్త్రజ్ఞులకు అంతకంటె ఎక్కువ అవసరం. తరువాతి మహమ్మారి ఎప్పుడు వస్తుందో చెప్పగలవారు లేరు. కాని అది వచ్చిన నాడు దాని వార్త ముందుగా సంతకు, జాతరకు, బావి దగ్గరకు వస్తుందన్నది నిశ్చయం. నమ్మకం ఆ నాడు పుట్టించగలిగేది కాదు. వ్యాధి లేని రోజులలో, చిన్న జ్వరం గురించీ, త్రాగే నీటి గురించీ అడిగిన ప్రతి చిన్న ప్రశ్నకూ నిజమైన జవాబు చెబుతూ కూడబెట్టుకోవలసినది అది.